మేస్త్రి చేతి సంతకాలు

లిఫ్టు షాఫ్టు పైకప్పు నుంచి అడుగుదాకా రెండు సన్నటి స్టీలు తీగలు వేలాడుతున్నాయి. ఒక్కో తీగ చివర ఒక్కో ఇనప గుండు. గుండ్లు గాలికి ఊగకుండా వాటిని పాత నూనె బకెట్లలో ముంచి పెట్టారు. తీగ నిలబడితేనే లిఫ్టు పట్టాలు నిటారుగా వస్తాయి. అది నిలబడేదాకా ఎవరూ పానా పట్టుకోరు. ఫిట్టరు బకెట్టు పక్కన గొంతుక్కూర్చుని నూనె వైపే చూస్తున్నాడు.

"ఆగిందా?" పై అంతస్తు నుంచి మేస్త్రి అరిచాడు.

"ఇంకా లేదు మామా."

"తొందరంతా మనకే గానీ దానికేముంది! అట్లాగే చూస్తూ కూర్చో. కన్ను తిప్పకు."

మేస్త్రి అతనికి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. పానా ఎట్లా పట్టుకోవాలో నేర్పింది కూడా ఆయనే. ఇప్పుడు కంపెనీ పంపితే పరాయి దేశంలో, కడుతున్న ఆసుపత్రి భవనానికి లిఫ్టులు బిగించడానికి ఇద్దరూ వచ్చారు. వాళ్ళతో మూడోవాడు వైరింగు చేసేవాడు. వాడిని అందరూ కరెంటు అంటారు.

నూనె మీద మెరుపు కదలడం మానేసింది. ఫిట్టరు "ఆగింది" అనబోయేంతలో సైటు మేనేజరు గొంతు వినిపించింది.

"మేస్త్రీ, ఒకసారి కిందికి రా. కాబిన్‌కి."

పైనుంచి నిచ్చెన మెట్ల మీద మేస్త్రి బూట్లు ఒక్కొక్కటిగా దిగాయి. దిగి, నడుముకు కట్టుకున్న గుడ్డతో వేళ్ళ సందులు కూడా తుడుచుకున్నాడు. మేనేజరు పిలిస్తే ఆయన ఎప్పుడూ అంతే, చేతులు తుడుచుకోనిదే కదలడు. ఫిట్టరు వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఫిట్టరు బకెట్టు పక్కనుంచి లేచాడు.

కరెంటు వైర్ల చుట్ట భుజానికి తగిలించుకుని తలుపు సందులోంచి తొంగి చూశాడు. "తెలిసిపోయిందంటావా?"

"అందుకే పిలిచి ఉంటాడు."

"మేస్త్రికి ముందే చెప్పాల్సింది మనం."

"చెబితే వద్దనేవాడు."

"ఇప్పుడు మాత్రం శభాష్ అంటాడా?" కరెంటు లోపలికొచ్చి గోడకు ఆనుకున్నాడు. "పక్క సైటు క్రేను వాళ్ళని చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది. వాళ్ళూ మనలాగే అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళకి జీతంలో ఒకటే కోత. మన దేశంలో పింఛను నిధికి కోసేది అక్కడే కోస్తారు, ఇక్కడ పైసా ముట్టరు. మనకి అక్కడా కోత, ఇక్కడా కోత. ఇక్కడ కోసింది ముసలయ్యాక ఇస్తారట, పదేళ్ళు ఇక్కడే పని చేస్తే. మనమేమో రెండేళ్ళకి వచ్చాం."

"అక్కడ నిధి కడుతున్నట్టు వాళ్ళ కంపెనీ సర్టిఫికెట్ తెచ్చింది. మనవాళ్ళు తేలేదు."

"తేకపోతే తెమ్మనేగా మనం ఇక్కడి పింఛను ఆఫీసులో అర్జీ పెట్టింది! అందులో తప్పేముంది?"

ఫిట్టరు పట్టా వైపు తిరిగాడు. తీగకూ పట్టాకూ మధ్య కొలత చూసి, సన్నటి రేకు ముక్క ఒకటి ఏరి బ్రాకెట్టు వెనక దూర్చాడు. మళ్ళీ కొలిచాడు. రేకు తీసేసి ఇంకా పల్చటిది పెట్టాడు. మేస్త్రి తిరిగొచ్చేటప్పటికి ఆ బోల్టు బిగించడం అయిపోయింది.

మేస్త్రి వచ్చి కొలత చూశాడు. "బాగుంది" అన్నాడు. మళ్ళీ నిచ్చెన ఎక్కాడు.

సాయంత్రం గదిలో బూట్లు విప్పాక గానీ విషయం బయటపెట్టలేదు. మూడు మంచాలు, ఒక స్టవ్వు, కిటికీ కింద ఒక బల్ల ఉన్న గది అది. మేస్త్రి లిఫ్టు సామాను వచ్చిన అట్టపెట్టె ఒకటి తెచ్చి, కత్తితో విప్పి, బల్ల మీద పరిచాడు. చెవి మీంచి పెన్సిలు తీశాడు.

"గురువారం పొద్దున ముగ్గుర్నీ ఆఫీసుకి రమ్మన్నారు. సంతకాలు సరిచూస్తారట."

"ఏ సంతకాలు?" అన్నాడు ఫిట్టరు.

"మనం వచ్చిన కొత్తలో మేనేజరు కొన్ని కాగితాలిచ్చాడు చూడు. గది తాళాలకీ, హెల్మెట్లకీ. అందులో ఇంకోటి కూడా ఉందట. మనల్ని అక్కణ్ణుంచి కంపెనీ పంపలేదు, మనమే ఇక్కడికొచ్చి ఇక్కడ ఉద్యోగంలో చేరాం అని."

కరెంటు మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "ఇక్కడ చేరామా? విమానం దిగి టూల్ బాక్సులు మోసుకుంటూ వస్తే ఇక్కడ చేరినట్టా?"

"అట్లా రాసుంటే సర్టిఫికెట్ అక్కర్లేదట. ఇక్కడి వాళ్ళలాగే ఇక్కడి కోత పడుతుంది. ముందే తేవాల్సిన సర్టిఫికెట్ సంగతి మేనేజరు మర్చిపోయాడు. అప్పట్లోనే ఆఫీసు వాళ్ళడిగితే ఆ కాగితం పుట్టించి మిగతా వాటిలో కలిపాడు. ఇవాళ వాడి నోటితోనే చెప్పాడు."

"నువ్వు చదవకుండానే పెట్టావా మామా?"

"నేనెప్పుడు చదివాను? చేతిలో పానా ఉంటే ఎవడు చదువుతాడు?"

వాళ్ళ గుంపులో అదే పద్ధతి. హాజరు పట్టీ అయినా, గ్లవుజులైనా, జీతం చీటీ అయినా సంతకం మేస్త్రిదే. తనది తను పెట్టి, కింద మిగతా వాళ్ళవి కూడా తనే పెట్టేస్తాడు. పని చేస్తున్నవాణ్ణి సంతకం కోసం దింపి, మళ్ళీ ఎక్కించడం ఆయనకు నచ్చదు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

మేస్త్రి పెన్సిలు మొన నాలుకతో తడిపి అట్ట మీద ఒక సంతకం గీశాడు. పెద్ద అక్షరం, దాని వెనక అలల్లాంటి గీత, చివర కిందికి దిగి వెనక్కి తిరిగిన కొక్కెం. "ఇది నువ్వు అల్లుడూ." పక్కన ఇంకోటి గీసి కింద రెండు చుక్కలు పెట్టాడు. "ఇది కరెంటుగాడు."

ఫిట్టరు వంగి చూశాడు. తన సంతకం ఎట్లా ఉంటుందో తనకు తెలుసు. చిన్నగా, కొంచెం వాలుగా, కింద చిన్న అడ్డగీతతో ఉంటుంది. ఇందులో దాని పోలికే లేదు.

"నా సంతకం ఇట్లా ఉంటుందని నాకే తెలీదు."

"నీకు తెలీకుండానే దాని మీద ఇన్నాళ్ళూ జీతం తీసుకున్నావు."

కరెంటు తనది చూసుకుని, "నాకంటే ఇదే అందంగా ఉంది మేస్త్రీ. దీనికే ఏదైనా సంబంధం చూడు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"నేర్చుకోండి" అన్నాడు మేస్త్రి. "గురువారం మీ ఎదుటే తెల్ల కాగితం పెట్టి గీయమంటారు. ఇదే గీయాలి. గీయకపోతే ఆ రెండూ దొంగ సంతకాలని తేలుతుంది. కేసు పడితే పడేది నా మీదే, కంపెనీకి సంబంధం లేదన్నాడు మేనేజరు. గీసింది నేనేగా."

"గీస్తే ఆ కాగితం నిజమైపోతుంది. రెండేళ్ళూ రెండు కోతలూ పడతాయి" అన్నాడు ఫిట్టరు.

మేస్త్రి పెన్సిలు అతని చేతిలో పెట్టాడు. "తెలుసు."

ఫిట్టరు పెన్సిలు తీసుకున్నాడు. మొదటిసారి కొక్కెం వంకరపోయింది. రెండోసారి అల మధ్యలో చెయ్యి ఆగింది. "ఆపకూడదు, ఒక్క ఊపులో పోవాలి" అని మేస్త్రి అతని మణికట్టు పట్టుకుని గీయించాడు. పూర్వం ఆకురాయి పట్టించిన చెయ్యి అదే. అట్ట నిండుతున్నకొద్దీ కొక్కేలు ఒకదాని పక్కన ఒకటి బారులు తీరాయి. కరెంటు తన రెండు చుక్కలూ గట్టిగా పొడిచి అట్టకు చిల్లులు పెట్టాడు.

"చుక్క పెట్టమన్నాను, డ్రిల్లింగు చెయ్యమన్లేదు" అన్నాడు మేస్త్రి.

మర్నాడు భోజనం వేళకి ఫిట్టరు మెట్ల మలుపులో కూర్చుని డబ్బా మూత తీస్తుంటే ఫోన్ మోగింది. భార్య.

"బావా, తింటున్నావా?"

"ఇప్పుడే. చెప్పు."

"ఏం లేదు. బట్టలకి రంగులేసే షెడ్డు ఓనరు మళ్ళీ కబురు పంపాడు. వస్తానో రానో శనివారానికల్లా చెప్పాలట. లేకపోతే ఇంకొకళ్ళని పెట్టుకుంటాడట."

"వెళ్ళనని చెప్పు."

"ఏం చూసుకుని చెప్పను?" గొంతు మామూలుగానే ఉంది. "నువ్విక్కడ ఉన్నప్పుడు ఇంటికిచ్చిన దానికంటే ఇప్పుడు పంపేది తక్కువ. అంత దూరం వెళ్ళింది లిఫ్టులెక్కడానికా అని పక్కింటామె అడుగుతోంది."

"చేతులు ఎట్లా ఉన్నాయి?"

"మానుతున్నాయిలే. గోళ్ళ దగ్గరే, కొంచెం."

ఆ 'కొంచెం' ఎంతో అతనికి తెలుసు. షెడ్డులో పని చేసిన రోజుల్లో రంగు నీళ్ళకి వేళ్ళు ఒరిసిపోయి ఆమె అన్నం చేత్తో కలుపుకోలేక చెంచాతో తినేది. తను బయల్దేరిన రోజునే ఆమె షెడ్డు మానేసింది. మానెయ్యమన్నది తనే.

"శనివారం దాకా ఏమీ చెప్పకు" అన్నాడు. "రేపు ఆఫీసుకి వెళ్తున్నాం."

"నాన్న కూడానా?"

"ముగ్గురమూ."

"అయితే పనవుతుంది. నాన్న ఉంటే ఏ ఆఫీసులోనైనా పనవుతుంది" అంది ఆమె. ఆ మాట విన్నాక ఫిట్టరు డబ్బా మూత పెట్టేశాడు.

మధ్యాహ్నం ఐదో అంతస్తు బ్రాకెట్టు దగ్గర మామా అల్లుళ్ళిద్దరే ఉన్నారు. ఫిట్టరు పట్టా పట్టుకున్నాడు, మేస్త్రి బోల్టు ఎక్కిస్తున్నాడు. ఇద్దరి మొహాల మధ్యా జానెడు కూడా లేదు.

"ఫోన్ అమ్మాయిదేనా?"

"ఊఁ."

"షెడ్డు మాట ఎత్తిందా?"

"శనివారం దాకా టైమిచ్చాడట."

మేస్త్రి పానా బోల్టు మీద ఆగింది.  ఇంకో అర మెలిక తిప్పాడు. అవసరానికి మించి బిగిసింది. తనే అది గమనించి మళ్ళీ వదులు చేశాడు.

"నువ్వు గీసేది నిన్నటికంటే బాగా వస్తోందా?" అని అడిగాడు.

"వస్తోంది మామా."

నిజమే. పొద్దున లేచాక పళ్ళు తోముకుంటూ అద్దం మీది ఆవిరిలో వేలితో గీస్తే ఒక్క ఊపులో వచ్చింది.

ఆఫీసులో ఒక పొడవాటి బల్ల వెనక ఆఫీసరమ్మ కూర్చుంది. పక్కన తెలుగు తెలిసిన దుభాషి, బట్టతల మనిషి. ఇటు వైపు నాలుగు కుర్చీలు. మేనేజరు చివరి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. బస్సు ఖర్చెందుకని పొద్దున ముగ్గుర్నీ తన బండిలోనే తీసుకొచ్చాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు: "మేస్త్రి పెద్దవాడు. ఆయన్ని ఇబ్బంది పెట్టకండి."

ఇక్కడే చేరామని రాసిన ఆ కాగితాలు, మనిషికొకటి చొప్పున మూడు, ఆఫీసరమ్మ వరసగా పేర్చింది. సగం ఆ దేశపు భాష, సగం తెలుగు. ఆమె మాట్లాడింది, దుభాషి చెప్పాడు. "ఎవరు సంతకం పెడుతుంటే వాళ్ళు ఒక్కరే బల్ల దగ్గరికి రండి. మామూలుగా ఎట్లా పెడతారో అట్లా పెట్టండి." ముందు ఫిట్టర్ని పిలిచారు.

అతను లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు. తెల్ల కాగితం నున్నగా ఉంది. పెన్ను తేలిగ్గా ఉంది, పెన్సిలుకీ పానాకీ అలవాటు పడ్డ వేళ్ళలో ఉన్నట్టే లేదు. వెనక మేస్త్రి కుర్చీ కిర్రుమంది. ఎదురుగా తన పేరున్న కాగితం, దాని కింద ఆ కొక్కెం. పెన్ను ఆనిస్తే చాలు, చెయ్యి దానంతటదే వెళ్ళేలా ఉంది.

పెన్ను ఎత్తి మళ్ళీ ఆనించాడు. చిన్నగా, కొంచెం వాలుగా తన సంతకం పెట్టాడు. కింద అడ్డగీత గీశాడు.

ఆఫీసరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎంతోసేపు చూడాల్సిన పని లేకపోయింది.

"ఇది మీ సంతకమేనా?" దుభాషి వేలు కొక్కెం మీద ఉంది.

"కాదండీ."

"తడబడ్డాడు మేడమ్" మేనేజరు కాలు దించాడు. "పల్లెటూరి మనిషి, పెద్ద ఆఫీసు చూసి..."

ఆఫీసరమ్మ అతని వైపు చెయ్యెత్తింది. అతను ఆగాడు.

"మరి ఎవరు పెట్టారు?"

ఫిట్టరు వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే చెప్పలేడు. "మా మేస్త్రి. మా అందరి సంతకాలూ ఆయనే పెడతాడు. హాజరుకీ, అన్నిటికీ. మా దగ్గర అదే అలవాటండీ. అందులో ఏముందో మేమెవరమూ చూడలేదు. మమ్మల్ని కంపెనీయే అక్కణ్ణుంచి పంపింది. మేం ఇక్కడ చేరలేదు."

దుభాషి చెబుతుంటే ఆఫీసరమ్మ రాసుకుంది. కరెంటుని పిలిచింది. వాడు రెండంగల్లో వచ్చి, చుక్కల్లేకుండా తన కోడిగీతలు గీసి, పెన్ను చప్పుడయ్యేలా పెట్టి వెళ్ళాడు.

తర్వాత ఆమె మేస్త్రిని చూసింది. "ఈ రెండూ మీరే పెట్టారా?"

"పెట్టానమ్మా."

"ఒకరి సంతకం ఇంకొకరు పెడితే ఈ దేశంలో నేరం. తెలుసా?"

"తెలీదు. మొన్న మేనేజరుగారు చెప్పారు."

ఆఫీసరమ్మ మేనేజరు వైపు ఒకసారి చూసి మళ్ళీ రాసుకుంది. ఆ తర్వాత ఫిట్టర్నీ కరెంటునీ అడిగింది. "ఈయన మీద మీకు ఫిర్యాదేమైనా ఉందా? ఉంటేనే కేసు, లేకపోతే లేదు."

"లేదు" అన్నాడు ఫిట్టరు, ప్రశ్న పూర్తి కాకుండానే.

"ఫిర్యాదా? మాకు వంట చేసేది కూడా ఆయనే" అన్నాడు కరెంటు. దుభాషి అది చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పాడు. ఆఫీసరమ్మ పెదవులు కొద్దిగా కదిలాయి.

ఆమె రెండు కాగితాల మీద మూల నుంచి మూలకి గీత కొట్టింది. ఆ రెండూ చెల్లవట. ఆ ఇద్దరూ కంపెనీ పంపగా వచ్చినవాళ్ళే. వాళ్ళ దేశంలో నిధి కడుతున్నట్టు సర్టిఫికెట్ కంపెనీ తెప్పించాలి. అది రాగానే ఇక్కడి కోత ఆగుతుంది, ఇప్పటిదాకా కోసింది తిరిగొస్తుంది. తెప్పించకపోతే కంపెనీకి జరిమానా. మేనేజరు నుదురు తుడుచుకున్నాడు.

ఫిట్టరు అప్పుడు ఊపిరి వదిలాడు. కేసు లేదు, షెడ్డు లేదు. మామ వైపు చూసి నవ్వబోయాడు.

ఆఫీసరమ్మ మూడో కాగితం ముందుకు జరిపింది. దాని పక్కన ఇంకో తెల్ల కాగితం పెట్టింది.

"ఇప్పుడు మీది."

మేస్త్రి లేచాడు. జేబులోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. చేతులకి ఏమీ అంటలేదు. బల్ల దగ్గర నిలబడి, తన పేరున్న కాగితం వైపు చూశాడు. ఫిట్టరుకి అప్పుడు అర్థమైంది. ఆ మూడో సంతకం మామదే. అది దొంగది కాదు.

పెన్ను కాగితానికి కొంచెం ఎత్తులో ఆగింది. వంకరగా గీస్తే చాలు. అల్లుడి సంతకం మార్చినవాడు తనది మార్చుకోలేడా? అట్ట మీద బారులు బారులు గీసిన చెయ్యి అది. మార్చు మామా అని ఫిట్టరు మనసులో అరిచాడు. పక్కన కరెంటు కూడా కుర్చీ అంచుకి జరిగాడు.

మేస్త్రి ఎప్పుడూ పెట్టేలాగే పెట్టాడు. మొదటి అక్షరం నిండుగా, చివరి గీత తిన్నగా.

ఆఫీసరమ్మ సరిచూసింది. "ఇది మీదే."

"నాదే."

"చదవడం వచ్చా?"

"వచ్చు."

"చదివే పెట్టారా?"

"చదవలేదు. పెట్టాను."

ఆమె కాసేపు పెన్నుతో బల్ల మీద తట్టింది. తర్వాత చెప్పినదాన్ని దుభాషి నెమ్మదిగా, మేస్త్రి మొహంలోకి చూడకుండా చెప్పాడు. చదవకుండా పెట్టినా సొంత సంతకం సొంత సంతకమేనట. ఈ కాగితం చెల్లుతుంది. ఆయన వరకు ఒప్పందం అయిపోయేదాకా ఇక్కడి కోత పడుతూనే ఉంటుంది. అక్కడిది ఎట్లాగూ పడుతుంది.

"అదే కాగితం కదండీ!" ఫిట్టరు లేచి నిలబడ్డాడు. "ముగ్గురం ఒకే విమానంలో వచ్చాం. ఒకే గదిలో ఉంటాం. ఆయన ఇక్కడ చేరినట్టు, మేం చేరనట్టు ఎట్లా అవుతుంది?"

"కూర్చో అల్లుడూ" అన్నాడు మేస్త్రి. కసురుకున్నట్టు కాదు, షాఫ్టులో కొలత చెప్పినట్టు.

ఆఫీసరమ్మ కాగితాలు సర్దుతూ, అప్పీలు పెట్టుకోవచ్చని, అయితే చాలా కాలం పడుతుందని, గెలుస్తారని తను మాత్రం చెప్పలేనని అంది. ఆ చివరి మాట దుభాషి రెండుసార్లు చెప్పాడు.

మేనేజరు బండి అప్పటికే వెళ్ళిపోయింది. వీధి చివర బస్సు ఆగే చోట రేకుల కప్పు కింద ముగ్గురూ నిలబడ్డారు. కరెంటు కొంచెం దూరంగా జరిగి, అక్కడ లేని బస్సు కోసం తొంగి చూస్తున్నాడు.

"ఎందుకు మామా?" అన్నాడు ఫిట్టరు. "కొంచెం మార్చి ఉంటే అయిపోయేది."

"ఈ వయసులో కొత్త సంతకం నేర్చుకోమంటావా? నీకు నేర్పించడానికే రెండు సాయంత్రాలు పట్టింది, అదీ దండగైంది." మేస్త్రి నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "నువ్వు ముందు లేచి నీది నువ్వు పెట్టావు. ఆ తర్వాత నేను లేచి అబద్ధం ఎట్లా గీస్తాను? చెయ్యి సాగలేదు."

"నా మీద కోపం తెచ్చుకుంటావనుకున్నాను."

"కోపం ఉంది. లేదని ఎవరన్నారు? గదికి పోయాక తెచ్చుకుంటాను."

ఫోన్ మోగింది. భార్య. ఫిట్టరు ఎత్తాడు.

"ఏమయింది బావా? పొద్దుట్నుంచి చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను."

"అయింది. ఇక్కడి కోత ఆగిపోతుంది. కోసింది కూడా తిరిగిస్తారట."

 అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "అయితే షెడ్డు ఓనరుకి చెప్పెయ్యనా? రానని?"

"చెప్పెయ్యి."

"నాన్నకి కూడా ఆగిందా?"

రేకుల కప్పు కింద ఆమె గొంతు బయటికే వినిపిస్తోంది. మేస్త్రి తలెత్తి ఫిట్టరుకేసి చూశాడు. ఆగిందని చెప్పు అన్నట్టు చెయ్యి ఊపాడు.  మేస్త్రి మళ్ళీ ఊపాడు, ఈసారి గట్టిగా, కళ్ళు పెద్దవి చేసి.

ఫిట్టరు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి ఆయన ముందు పట్టాడు.

"చెప్పవయ్యా" మేస్త్రి గొంతు తగ్గించి కసిరాడు. "ఒక్క మాటేగా."

"నేను చెప్పను మామా. నీది నువ్వే చెప్పు."

"దానికి తెలిస్తే మళ్ళీ షెడ్డంటుంది."

"అంటే అననీ. అది కూడా నువ్వే విను, నువ్వే వద్దని చెప్పు."

"నాన్నా?" అంటోంది ఫోన్. "నాన్నా, అక్కడే ఉన్నావా? మాట్లాడవేం?"

బస్సు వీధి మలుపు తిరిగింది. కరెంటు చెయ్యెత్తి ఆపాడు. మేస్త్రి ఫోన్ వైపూ బస్సు వైపూ చూసి, చివరికి ఫోన్ అందుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఫిట్టరు వెళ్ళి ఒక కాలు బస్సు మెట్టు మీద వేసి, తలుపు మూసుకోకుండా భుజం అడ్డం పెట్టాడు. డ్రైవరు ఏదో గొణిగాడు.

"ఆఁ, నేనేనమ్మా" అన్నాడు మేస్త్రి. గొంతు సవరించుకున్నాడు. "తిన్నాంలే... విను, మధ్యలో మాట్లాడకు. వాళ్ళిద్దరికీ ఆగింది. నాకు ఆగలేదు."